మౌంటెన్ బైకింగ్, కారు ప్రయాణం కలిసిన యాత్ర: కొలరాడో పీఠభూమి మార్గం

కొండదారుల్లో సైకిల్ తొక్కడం, ప్రకృతి శోభకు పేరుపడ్డ రహదారుల్లో కారు నడపడం అనే రెండు వ్యాపకాలను ఒకే మార్గంలో కూర్చుకోవడానికి అమెరికాలోని కొలరాడో పీఠభూమి ఎంతో అనువైన ప్రాంతం. యూటా, కొలరాడో, అరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రాల్లో విస్తరించిన ఈ ఇసుకరాతి నేల మీద, దాని తూర్పు అంచున ఉన్న శాన్ వాన్ పర్వతాల చెంత ఫ్రూటా, మోయాబ్, కోర్టెజ్, డురాంగో అనే నాలుగు సైక్లింగ్ కేంద్రాలు ఉన్నాయి. ఒకదాని నుంచి మరొకటి కారులో ఒకటి నుంచి రెండున్నర గంటల దూరం. కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్‌లో బయలుదేరి ఈ నాలుగింటినీ కలుపుకొని తిరిగి అక్కడికే చేరే వలయ మార్గం దాదాపు 700 కిలోమీటర్లు. తీరికగా చేస్తే పది రోజుల యాత్ర.

ఇటువంటి యాత్రకు మూలసూత్రం ఒకటే. సైకిల్ దారులనూ, వాటికి తగిన రోజులనూ ముందు నిర్ణయించుకోవాలి. కారు ప్రయాణాన్ని వాటి చుట్టూ అమర్చుకోవాలి. కారు చాలా వరకు ఏ వేళలోనైనా సాగుతుంది. సైకిల్ దారి మాత్రం ఎండకు, మంచుకు, పిడుగులకు, తొక్కేవారి ఓపికకు లోబడి ఉంటుంది.

చారిత్రక నేపథ్యం

మౌంటెన్ బైకింగ్ ఒక క్రీడగా రూపుదిద్దుకున్నది 1970లలో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ వంటి యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళను బాగుచేసుకొని మట్టిదారుల్లో కొండ దిగేవారు. 1976లో అక్కడ మొదలైన రీప్యాక్ పందెంలో ఒక్క దిగుడుకే వెనక బ్రేకులోని గ్రీజు కాలి ఆవిరయ్యేది. ప్రతిసారీ మళ్ళీ నింపాల్సి రావడం వల్లే ఆ పందేనికి ఆ పేరు వచ్చింది. అదే ఏడాది కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్ పట్టణం వారు పెర్ల్ కనుమ మీదుగా ఆస్పెన్‌కు సైకిళ్ళపై వెళ్ళారు. జో బ్రీజ్ 1977లో ప్రత్యేకంగా కొండదారుల కోసం ఫ్రేములు తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ విడుదల చేసిన స్టంప్‌జంపర్‌తో ఈ సైకిల్ సామాన్య కొనుగోలుదారులకు అందింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తొలి మౌంటెన్ బైక్ ప్రపంచ పోటీలను 1990లో డురాంగోలోనే నిర్వహించింది. పురుషుల క్రాస్ కంట్రీ విభాగంలో నెడ్ ఓవరెండ్ గెలిచాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు చోటు దక్కింది.

రహదారుల కథ వేరుగా నడిచింది. 1991 నాటి రవాణా చట్టంతో అమెరికాలో జాతీయ సుందర రహదారుల పథకం ఏర్పడింది. దృశ్యశోభ, ప్రకృతి, చరిత్ర, సంస్కృతి, పురావస్తువులు, వినోదం అనే ఆరు గుణాల ఆధారంగా రోడ్లను గుర్తిస్తారు. వీటిలో కనీసం రెండింటిలో జాతీయ స్థాయి విశిష్టత ఉన్నదానికి ‘ఆల్ అమెరికన్ రోడ్’ హోదా ఇస్తారు. డురాంగో, సిల్వర్టన్, యూరే, టెల్యురైడ్, కోర్టెజ్ పట్టణాలను కలిపే శాన్ వాన్ స్కైవే ఆ హోదా పొందింది. దీని చుట్టుకొలత 370 కిలోమీటర్లకు పైగా ఉంటుంది.

ఈ మార్గంలోని కొన్ని దారులు గనుల తవ్వకం వదిలివెళ్ళిన ఆస్తి. యూరే, సిల్వర్టన్ పట్టణాలను 19వ శతాబ్దపు వెండి, బంగారు గనులు నిలబెట్టాయి. మోయాబ్ 1950లలో యురేనియంతో పెరిగింది. అణుశక్తి కమిషన్ హయాంలో ఖనిజాన్వేషణ కోసం వేసిన బాటే కాన్యన్‌లాండ్స్ పార్కులోని నేటి వైట్ రిమ్ రోడ్డు. 1980లలో యురేనియం పరిశ్రమ కూలిపోయాక మోయాబ్ పట్టణానికి సైకిల్ కొత్త బతుకుతెరువు చూపించింది.

భూముల అజమాయిషీ, నియమాలు

ఎక్కడ తొక్కవచ్చో, ఎక్కడ కారు దిగి నడవాలో నిర్ణయించేది ఆ నేల ఎవరి అజమాయిషీలో ఉందన్నదే. యూటా భూమిలో 60 శాతానికి పైగా సమాఖ్య ప్రభుత్వానిది. అది ప్రధానంగా మూడు సంస్థల చేతిలో ఉంటుంది.

జాతీయ పార్కుల్లో సైకిళ్ళను సాధారణంగా వాహనాల రోడ్ల మీదనే అనుమతిస్తారు. కాలిబాటల మీద నిషేధం. ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్, మెసా వెర్డే, బ్లాక్ కాన్యన్ ఆఫ్ ద గన్నిసన్ పార్కులన్నీ ఈ కోవలోవే. బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ నిర్వహించే ప్రభుత్వ భూముల్లో మాత్రం సైకిల్ దారులు విరివిగా ఉన్నాయి. ఫ్రూటా, మోయాబ్ చుట్టూ పేరున్న దారుల్లో ఎక్కువ భాగం ఈ భూముల్లోవే. అటవీ శాఖ అడవుల్లో కూడా తొక్కవచ్చు, కానీ 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద ప్రకటించిన రక్షిత ప్రాంతాల్లోకి సైకిల్ పోకూడదు. యాంత్రిక రవాణాను ఆ చట్టం నిషేధిస్తుంది. సైకిల్ కూడా అందులోకే వస్తుంది.

ఈ తేడా మోలాస్ కనుమ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. డెన్వర్ నుంచి డురాంగో దాకా సాగే కొలరాడో ట్రైల్ ఈ కనుమ మీదుగా పోతుంది. కనుమకు పడమటి వైపు సైకిల్‌కు అనుమతి ఉంది. తూర్పు వైపు దారి వెమినూచ్ రక్షిత ప్రాంతంలోకి చేరుతుంది కనుక అటు సైకిల్‌పై వెళ్ళడం నేరం.

యాత్ర కూర్పుకు ఈ విభజన మేలే చేస్తుంది. పార్కులను కారులో చూడాలి, ప్రభుత్వ భూముల్లో సైకిల్ తొక్కాలి అని విడదీసుకుంటే దినచర్య దానంతటదే కుదురుతుంది. విద్యుత్ సైకిళ్ళకు నియమాలు వేరు. మోటారు వాహనాలను అనుమతించే దారుల్లో వీటికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. మామూలు సైకిళ్ళకే కేటాయించిన దారుల్లో ప్రత్యేక అనుమతి ప్రకటించి ఉంటే తప్ప తొక్కకూడదు.

కాలం, ఎత్తు, దిశ

మార్గంలోని రెండు ప్రాంతాలకు అనుకూలమైన కాలాలు వేరు. ఎడారి భాగమైన ఫ్రూటా, మోయాబ్‌లకు ఏప్రిల్, మే నెలలూ, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరు నెలలూ మంచివి. నడివేసవిలో మోయాబ్‌లో పగటి ఉష్ణోగ్రత తరచు 38 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. శాన్ వాన్ పర్వతాల ఎత్తైన దారుల్లో మంచు జూన్ చివరి దాకా, కొన్నిచోట్ల జులై దాకా కరగదు. జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నపు ఉరుములు, పిడుగులు నిత్యకృత్యం. ఎడారి చల్లబడి, పర్వతాలు ఇంకా మంచు కప్పుకోని కాలం సెప్టెంబరు మొదలు అక్టోబరు తొలి రోజుల దాకా మాత్రమే ఉంటుంది. సెప్టెంబరు చివరలో ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. కారు ప్రయాణానికి కూడా అదే ఉత్తమ సమయం.

వసంతంలో బయలుదేరేవారు ఎడారి భాగానికే ఎక్కువ రోజులు కేటాయించి, పర్వత భాగాన్ని రోడ్డు మీద నుంచి చూసి సరిపెట్టుకోవాలి. వేసవిలో వెళ్ళేవారు దీన్ని తలకిందులు చేసి, ఎడారిలో తెల్లవారుజామున మాత్రమే తొక్కాలి.

వలయాన్ని గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో, అంటే ముందు పడమరకు మోయాబ్ వైపు, తరువాత దక్షిణంగా కోర్టెజ్‌కు, ఆపై తూర్పుగా డురాంగోకు, చివరికి ఉత్తరంగా యూరేకు తిరగడం మేలు. ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది శరీరం ఎత్తుకు అలవాటు పడడం. ఫ్రూటా 1,370 మీటర్లు, మోయాబ్ 1,220 మీటర్లు, కోర్టెజ్ సుమారు 1,900 మీటర్లు, డురాంగో సుమారు 1,990 మీటర్లు, సిల్వర్టన్ 2,840 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. చివర వచ్చే రెడ్ మౌంటెన్ కనుమ 3,350 మీటర్లు దాటుతుంది. అక్కడ వాయుపీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. వారం రోజుల పాటు క్రమంగా పైకి చేరినవారికి ఊపిరి అందుతుంది. మొదటి రోజే అక్కడ సైకిల్ ఎక్కినవారికి తలనొప్పి, వికారం, నిద్రలేమి తప్పకపోవచ్చు. రెండో కారణం రోడ్డుకు సంబంధించినది. అమెరికాలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కనుక దక్షిణం నుంచి యూరేకు వచ్చే కారు కొండను ఆనుకొని ఉన్న వరసలో ఉంటుంది. యూరే నుంచి దక్షిణానికి వెళ్ళే కారు లోయ అంచున ఉంటుంది.

మార్గ వివరణ

ఫ్రూటా: యాత్రకు ఆరంభంగా రెండు రోజులు ఇక్కడ గడపవచ్చు. పట్టణానికి ఉత్తరాన, బుక్ క్లిఫ్స్ కొండల పాదాల దగ్గర ఉన్న 18 రోడ్ దారుల్లో మెత్తటి మట్టి గట్ల మీద అలలుగా ఎక్కిదిగుతూ పోవచ్చు. కొత్తవారికి, అనుభవజ్ఞులకు విడివిడిగా దారులున్నాయి. పడమట లోమా దగ్గర కొలరాడో నది పైగట్టున మేరీస్ లూప్, హార్స్‌థీఫ్ బెంచ్ దారులు ఉన్నాయి. ఇక్కడే కొకొపెల్లి ట్రైల్ మొదలవుతుంది. స్థానిక సైకిల్ సంఘం చొరవతో 1989లో రూపొందిన ఈ బాట 228 కిలోమీటర్లు సాగి మోయాబ్ చేరుతుంది. కారు ప్రయాణానికి కొలరాడో నేషనల్ మాన్యుమెంట్‌లోని 37 కిలోమీటర్ల రిమ్ రాక్ డ్రైవ్ ఉంది. 1930లలో నిరుద్యోగ యువకులకు పని కల్పించిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ శ్రమ దీని నిర్మాణంలో ప్రధానమైనది.

ఫ్రూటా నుంచి మోయాబ్: అంతర్రాష్ట్ర రహదారి 70 మీదుగా యూటాలోకి వచ్చి, సిస్కో దగ్గర రాష్ట్ర రహదారి 128లోకి మళ్ళాలి. సుమారు 70 కిలోమీటర్ల ఈ రోడ్డు చాలా దూరం కొలరాడో నదిని అంటిపెట్టుకొని, నిటారైన ఎర్రరాతి గోడల మధ్య సాగుతుంది. ఫిషర్ టవర్స్ శిఖరాలు సాయంకాలపు ఎండలో అందంగా కనిపిస్తాయి కనుక ఈ ప్రయాణాన్ని మధ్యాహ్నం తరువాత పెట్టుకోవాలి.

మోయాబ్: యాత్రకు ఇదే ప్రధాన మజిలీ, కనీసం మూడు రోజులు అవసరం. 1969లో మోటారు సైకిళ్ళ కోసం గుర్తులు వేసిన స్లిక్‌రాక్ ట్రైల్ ఇక్కడి తొలి ఆకర్షణ. సుమారు 17 కిలోమీటర్ల ఈ దారిలో మట్టి దాదాపు ఉండదు. గట్టిపడిన ప్రాచీన ఇసుకతిన్నెల మీద తెల్లరంగు గీతలను అనుసరిస్తూ తొక్కాలి. రాయి గరుకుగా ఉండి టైరును గట్టిగా పట్టుకోవడం వల్ల ఎంతో నిటారు ఎక్కుళ్ళు కూడా సాధ్యమవుతాయి. దూరం తక్కువే అయినా శ్రమ ఎక్కువ, నీరు ఎక్కడా దొరకదు. మొదటిసారి వచ్చినవారు మోయాబ్ బ్రాండ్స్ దారులతోనో, డెడ్ హార్స్ పాయింట్ రాష్ట్ర పార్కులోని ఇంట్రెపిడ్ దారులతోనో మొదలుపెట్టడం మంచిది.

అనుభవజ్ఞులకు గమ్యం హోల్ ఎంచిలాడా. లా సాల్ పర్వతాల్లో 3,400 మీటర్ల ఎత్తున ఉన్న బర్రో కనుమ నుంచి పోర్క్యుపైన్ రిమ్ మీదుగా కొలరాడో నది దాకా 40 కిలోమీటర్లకు మించి దిగే ఈ దారుల వరుసలో దాదాపు 2,100 మీటర్ల ఎత్తు తగ్గుతుంది. ఆస్పెన్ అడవిలో బయలుదేరి ఎడారిలో తేలతారు. పై భాగంలో మంచు కరిగేది సాధారణంగా జూన్ చివరకో జులైకో. ఆరంభానికి పట్టణంలోని అద్దె వాహనాలు తీసుకెళ్ళి దింపుతాయి. సొంత కారును కొండ మీద వదిలితే దాని కోసం మళ్ళీ అంత దూరం వెళ్ళాల్సి ఉంటుంది.

కాన్యన్‌లాండ్స్ పార్కులోని వైట్ రిమ్ రోడ్డు కారుకు, సైకిల్‌కు కలిపి పనికొచ్చే అరుదైన బాట. 160 కిలోమీటర్ల ఈ వలయాన్ని సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో పూర్తిచేస్తారు. నాలుగు చక్రాలకూ చోదకశక్తి ఉన్న జీపు నీరు, తిండి, గుడారాలు మోస్తూ సైకిళ్ళ వెంట నడుస్తుంది. పగటి ప్రయాణానికైనా, రాత్రి బసకైనా పార్కు అనుమతి పత్రం తప్పనిసరి. వసంతం, శరదృతువుల తేదీలు నెలల ముందే నిండిపోతాయి. దీన్ని ఎంచుకునేవారు మిగతా యాత్ర మొత్తాన్ని ఆ అనుమతి దొరికిన తేదీల చుట్టూ అల్లుకోవాలి.

మోయాబ్ నుంచి కోర్టెజ్: 190 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉండే ఈ భాగం కాళ్ళకు విశ్రాంతినిచ్చే రోజు. రోడ్డు పక్కనే విల్సన్ ఆర్చ్ కనిపిస్తుంది. దారి మళ్ళి నీడిల్స్ వైపు వెళితే న్యూస్‌పేపర్ రాక్ అనే బండ మీద తరతరాల ఆదివాసులు చెక్కిన బొమ్మలను చూడవచ్చు. కోర్టెజ్ దగ్గరి మెసా వెర్డే 1906లో జాతీయ పార్కు అయింది. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ప్యూబ్లో ప్రజల పూర్వీకులు కొండచరియల గుహల్లో కట్టిన ఇళ్ళు ఇక్కడ సుమారు 600 ఉన్నాయి. క్లిఫ్ ప్యాలెస్ లోపలికి వెళ్ళాలంటే రేంజర్ వెంట వెళ్ళే టికెట్ ముందే తీసుకోవాలి. సైకిల్‌కు ఫిల్స్ వరల్డ్ దారులున్నాయి. జునిపర్ చెట్ల మధ్య సాగే వీటిలో రిబ్ కేజ్ అనే భాగం ఎడతెగని ఎగుడుదిగుళ్ళకు పేరుపొందింది.

డురాంగో: 70 కిలోమీటర్లకు పైగా తూర్పున ఉన్న ఈ పట్టణంలో ఇంటి గుమ్మం నుంచే కొండదారులు మొదలవుతాయి. హార్స్ గల్చ్, ఓవరెండ్ మౌంటెన్ పార్క్ పట్టణాన్ని ఆనుకొనే ఉన్నాయి. ఇక్కడి నుంచి సిల్వర్టన్ దాకా 1882 నుంచి సన్న పట్టాల రైలు నడుస్తోంది. ఆ రైలుతో పోటీపడుతూ సైకిళ్ళు తొక్కే ఐరన్ హార్స్ పందెం 1972లో మొదలై పట్టణపు వార్షికోత్సవంగా స్థిరపడింది.

డురాంగో నుంచి యూరే: దాదాపు 110 కిలోమీటర్ల ఈ భాగంలో జాతీయ రహదారి 550 కోల్ బ్యాంక్, మోలాస్, రెడ్ మౌంటెన్ అనే మూడు కనుమలు దాటుతుంది. మూడూ 3,200 మీటర్లకు పైబడినవే. మోలాస్ కనుమ దగ్గర ఆగి పడమటి వైపు కొలరాడో ట్రైల్‌లో కొంత దూరం వెళ్ళి రావడం ఈ యాత్రలో సైకిల్‌కు అత్యున్నత ఘట్టం. పూల మైదానాలు, చెరువులు, చుట్టూ 4,000 మీటర్ల శిఖరాలు కనిపిస్తాయి. సిల్వర్టన్ దాటాక యూరే దాకా ఉన్న భాగాన్ని మిలియన్ డాలర్ హైవే అంటారు. 1880లలో ఒట్టో మియర్స్ వేయించిన సుంకపు బాట దీనికి పునాది. యూరే సమీపాన లోయ వైపు చాలాచోట్ల రక్షణ కమ్మీలు ఉండవు. శీతాకాలంలో యంత్రాలు మంచును అటువైపే తోసేయాలి. యూరేలోని వేడినీటి బుగ్గల కొలను అలసిన కాళ్ళకు మంచి చికిత్స.

యూరే నుంచి గ్రాండ్ జంక్షన్: 155 కిలోమీటర్ల తిరుగు ప్రయాణంలో రిడ్జ్‌వే దగ్గర చిన్న సైకిల్ దారులున్నాయి. మాంట్రోస్ దగ్గర పక్కకు మళ్ళితే బ్లాక్ కాన్యన్ దక్షిణపు అంచు మీది రోడ్డు నుంచి 500 మీటర్లకు మించిన లోతు గల ఇరుకు లోయను చూడవచ్చు.

రోజువారీ అమరిక

తొక్కే రోజున ఉదయమంతా సైకిల్‌కు, మధ్యాహ్నం తరువాతి రెండు మూడు గంటలు కారుకు కేటాయించడం ఆచరణలో బాగా కుదిరే పద్ధతి. ఎండ, పిడుగు రెండూ మధ్యాహ్నం ముదురుతాయి. ఉదయపు శ్రమ తరువాత కారులో కూర్చోవడం హాయినిస్తుంది. దీర్ఘ ప్రయాణం ముందు చేసి ఆ వెంటనే సైకిల్ ఎక్కితే బిగుసుకుపోయిన నడుము సహకరించదు. వరుసగా రెండు రోజులు తొక్కాక మూడో రోజును పూర్తిగా కారు ప్రయాణానికి వదలాలి. చీకటి పడే వేళకు బసకు చేరుకోవాలి. సంధ్యవేళల్లో జింకలు, ఎల్క్‌లు రోడ్డు మీదికి రావడం ఈ ప్రాంతంలో ప్రమాదాలకు ముఖ్య కారణం.

పది రోజుల నమూనా ఇలా ఉంటుంది. మొదటి రెండు రోజులు ఫ్రూటా. రెండో రోజు సాయంత్రం మోయాబ్ చేరడం. మూడు నుంచి అయిదో రోజు దాకా మోయాబ్. అందులో రెండు రోజులు సైకిల్, ఒక రోజు ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ పార్కులు. ఆరో రోజు కోర్టెజ్‌కు ప్రయాణం. ఏడో రోజు ఉదయం ఫిల్స్ వరల్డ్, మధ్యాహ్నం మెసా వెర్డే. ఎనిమిదో రోజు డురాంగో. తొమ్మిదో రోజు మోలాస్ కనుమ, సిల్వర్టన్, యూరే. పదో రోజు గ్రాండ్ జంక్షన్. వాన కురిసినా, ఒళ్ళు సహకరించకపోయినా సర్దుకోవడానికి మరో రోజు చేతిలో ఉంచుకోవడం వివేకం.

కారు, సైకిల్, సామగ్రి

కారుకు సైకిల్ బిగించే రాక్‌లు ప్రధానంగా మూడు రకాలు. కారు వెనక హిచ్‌కు అమర్చే పళ్ళెం తరహా రాక్ చక్రాలను పట్టి ఉంచుతుంది. ఫ్రేముకు ఒత్తిడి తగలదు కనుక కార్బన్ ఫ్రేములకు ఇదే సురక్షితం. వేలాడదీసే రాక్ చవక, కానీ సైకిళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి. పైకప్పు రాక్ వల్ల కారు ఎత్తు పెరుగుతుంది; తక్కువ ఎత్తు గల షెడ్డుల్లోకి పోయేటప్పుడు ప్రమాదం. బరువైన విద్యుత్ సైకిళ్ళను పైకి ఎత్తడమూ కష్టమే. వెనక రాక్‌లో సైకిల్ టైరు పొగగొట్టానికి ఎదురుగా ఉంటే వేడికి కరుగుతుంది. బయలుదేరిన అరగంటకు ఒకసారి ఆగి బిగింపులను సరిచూడాలి. రాత్రి సైకిళ్ళను గదిలో పెట్టుకోవాలి.

అద్దె కార్లకు చాలావరకు హిచ్ ఉండదు, మట్టిరోడ్లపై నడపడాన్ని ఒప్పందం తరచు నిషేధిస్తుంది. దూరం నుంచి వచ్చేవారు ఫ్రూటా, మోయాబ్, డురాంగోలలో ఎక్కడికక్కడ సైకిల్ అద్దెకు తీసుకుంటే ఈ చిక్కులు తప్పుతాయి. రాతి దారులకు ముందు వెనక సస్పెన్షన్ ఉన్న సైకిల్ సౌకర్యం. ఫ్రూటా మట్టిదారులకు ముందు సస్పెన్షన్ మాత్రమే ఉన్నది చాలు.

టైర్ల విషయంలో తెలుగు నేలకు పరిచయమున్న శత్రువే అక్కడా ఎదురవుతుంది. అమెరికా నైరుతి ప్రాంతంలో సైకిల్ టైర్లను గుచ్చే గోట్‌హెడ్ ముళ్ళు మన చేలగట్ల మీద కనిపించే పల్లేరు కాయలే. అందుకే లోపల ట్యూబు లేకుండా, రంధ్రాన్ని తనంతట తానే పూడ్చే ద్రవం పోసిన టైర్లు అక్కడ సర్వసాధారణం. వాటితోపాటు ఒక అదనపు ట్యూబు, పంపు, గొలుసు విప్పే పనిముట్టు, గేర్ హ్యాంగర్ వెంట ఉండాలి.

నీరు, ఆరోగ్యం, భద్రత

ఎడారి పార్కుల అధికారులు మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీరు సూచిస్తారు. తొక్కే ప్రతిసారీ వీపున మూడు లీటర్లు, కారులో మరో పది లీటర్లు ఉంచుకోవాలి. చెమట వెంటనే ఆరిపోవడం వల్ల దాహం ఆలస్యంగా తెలుస్తుంది. ఉప్పు కలిసిన తిండి, పానీయాలు కూడా అవసరం. హెల్మెట్ తప్పనిసరి, రాతి దారుల్లో మోకాలి, మోచేతి తొడుగులు మేలు.

దారుల కష్టాన్ని గుర్తులతో సూచిస్తారు. ఆకుపచ్చ వృత్తం సులువు, నీలి చతురస్రం మధ్యస్థం, నల్ల వజ్రం కఠినం, జంట నల్ల వజ్రాలు అతి కఠినం. మోయాబ్ నీలి దారి ఇతరచోట్ల నల్ల దారితో సమానంగా అనిపించవచ్చు కనుక మొదటి రోజున తన స్థాయి కన్నా ఒక మెట్టు కిందిదాన్ని ఎంచుకోవాలి.

మొబైల్ సిగ్నల్ లోయల్లో అందదు. పటాలను ముందే ఫోన్‌లోకి దించుకోవడం, తిరిగివచ్చే వేళ ఒకరికి చెప్పి వెళ్ళడం, వీలైతే ఉపగ్రహ సందేశ పరికరం ఉంచుకోవడం అవసరం. వాన మబ్బు దూరాన ఉన్నా ఇరుకు లోయల్లోకి దిగకూడదు. ఎక్కడో కురిసిన వాన ఇక్కడ వరదగా విరుచుకుపడుతుంది. చెట్లు పెరగని ఎత్తుల నుంచి మధ్యాహ్నానికల్లా దిగిపోవాలి. కనుమలు దిగేటప్పుడు కారును తక్కువ గేరులో ఉంచాలి. బ్రేకుల మీదే ఆధారపడితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి.

భారతదేశం నుంచి వెళ్ళేవారు డ్రైవింగ్ లైసెన్సుతోపాటు రవాణా శాఖ ఏడాది కాలానికి ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్ళడం మంచిది. కుడివైపు నడపడానికి అలవాటు పడేదాకా ఘాట్ రోడ్లను వాయిదా వేయాలి. ఈ మార్గంలో ఘాట్ భాగం చివరే రావడం అందుకు కూడా అనుకూలిస్తుంది.

దారి మర్యాద, నేల సంరక్షణ

సైకిల్ తొక్కేవారు నడిచేవారికి, గుర్రాలకు దారి ఇవ్వాలి. దిగేవారు ఎక్కేవారికి దారి ఇవ్వాలి. తడి మట్టిలో తొక్కితే గాడులు పడి నెలల తరబడి మిగిలిపోతాయి కనుక వాన వెలిశాక దారి ఆరేదాకా ఆగాలి. ఎడారిలో నల్లగా, గరుకుగా కనిపించే మట్టి పొర సయనోబ్యాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి ఏర్పరచిన సజీవమైన పొర. గాలికి నేల కొట్టుకుపోకుండా ఆపేది, మొక్కలకు నత్రజని అందించేది అదే. ఒక్క టైరు జాడ మానడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అందువల్ల గుర్తించిన దారి నుంచి ఒక్క అడుగు కూడా పక్కకు పోకూడదు. గుడారాలు వేసుకునేవారు కేటాయించిన స్థలాల్లోనే దిగాలి. పూర్వీకుల శిలాచిత్రాలను, శిథిలాలను చేత్తో తాకకూడదు.

బయలుదేరే వారంలో రెండు రాష్ట్రాల రవాణా శాఖల రోడ్డు సమాచారాన్ని, పార్కుల ప్రవేశ నియమాలను, దారుల మూసివేతలను మరోసారి సరిచూసుకోవాలి; ఇవి ఏటా మారుతుంటాయి. ఎడారి, పర్వతం రెండూ ఒకే యాత్రలో కావాలనుకునేవారికి సెప్టెంబరు నెల, పది పదకొండు రోజుల వ్యవధి, మోయాబ్ వైపుగా మొదలై యూరే దారిలో శిఖరానికి చేరే దిశ అత్యుత్తమమైన ఎంపిక.